మూడు బండలూ ఒక కొంగుముడీ

నా ఉద్యోగం మూడు రాతి బండల మీద ఉండేది. పూర్ణా మార్కెట్ దాటి పాతవూరి వైపు వెళ్లే రోడ్డులో, మురుగుకాలవ మీద పరిచిన బండలవి. ఎడమవైపుది కాలు పెడితే ఊగేది. మధ్యది నున్నగా అరిగిపోయింది, ఆ అరుగుదలలో సగం నాదే. కుడివైపుది పగిలి, ఆ పగులులోంచి ఎప్పుడూ కాలవ వాసన వచ్చేది. వాటి వెనక మా షావుకారుగారి బట్టల కొట్టు. వాటి ముందు విశాఖపట్నం అంతా పొద్దుటినుంచి రాత్రిదాకా నడుస్తూనే ఉండేది. నేనొక్కణ్ణే నడవకూడదు.

పిలవడం నా పని. దారిన పోయేవాళ్ళని ఆపి, మాటల్లో పెట్టి, కొట్టు ఎక్కించాలి. లోపల చీరలు విప్పి చూపించేవాళ్ళు వేరు, బిల్లు రాసే ఆయన వేరు. నా బాధ్యత గుమ్మం దాకానే. డెబ్బైల చివర్లో నేను చేరేనాటికే ఆ రోడ్డులో కొట్టు కొట్టుకీ ఇలాంటివాడు ఒకడుండేవాడు. మాలో మాకు ఒక కట్టుబాటు ఉండేది. మనిషి నీ బండల ముందు నడుస్తున్నంతసేపే నీ బేరం. ఆఖరి బండ దాటి కాలు పక్క కొట్టు ముందు పడిందా, ఇక నువ్వు నోరు మూసుకోవాలి. దాటిపోయినవాళ్ళని వెనకనుంచి పిలిచినవాడితో ఆ రోడ్డులో ఎవడూ కలిసి టీ తాగడు.

మూడు బండలు దాటడానికి మామూలు మనిషికి ఐదారు అడుగులు. ఆలోపల నేను ఏం చెయ్యాలో అది చేసెయ్యాలి. మొహం చూస్తూ కూర్చుంటే పని జరగదు. కొనేవాళ్ళు కూడా కొనం అన్నట్టే మొహం పెడతారు. పాదాలు చూడాలి. హార్బరులో డ్యూటీ దిగి వచ్చేవాళ్ళు ఎవరిమీదో కోపంగా ఉన్నట్టు నడుస్తారు, వాళ్ళని పిలిస్తే తిట్లు తప్పవు. కొత్తగా పెళ్ళయినవాళ్ళలో మొగుడు రెండడుగులు ముందుంటాడు, పెళ్ళాం రెండో బండ దగ్గర నెమ్మదిస్తుంది. అక్కడ పిలవాల్సింది ఆమెని కాదు. "బావా, ఓపాలి ఎనక్కి సూడు" అని అతన్ని పిలిస్తే చాలు, మిగతాది ఆమే చూసుకుంటుంది. ఊళ్ళనుంచి వచ్చే ఆడవాళ్ళు గుంపుగా నడుస్తారు. ముందున్న పెద్దావిడ ఆగితే అందరూ ఆగుతారు.

నాకొక సొంత కిటుకు ఉండేది. మనిషి మొదటి బండ ముందుకు రాగానే నేనూ పక్కనే నడక మొదలుపెట్టేవాణ్ణి, వాళ్ళ అడుగులో అడుగు కలిపి. ఒకటి, రెండు. మూడో అడుగు నేను కొంచెం ఆలస్యంగా వేసేవాణ్ణి. తెలియకుండానే వాళ్ళదీ ఆలస్యమయ్యేది. అప్పుడు మొహం అటు తిప్పేసి, వాళ్ళు వస్తారో రారో నాకు పట్టనట్టు, "నా ఎనకే రండమ్మా, దారి నాను సూపిత్తాను" అంటూ గుమ్మం వైపు నడిచేవాణ్ణి. వెనక్కి చూడకూడదు. చూస్తే వాళ్ళకి అనుమానం వస్తుంది. నూటికి ముప్పై నలభై మంది వచ్చేవాళ్ళు. నా మాట వినేవాళ్ళు ఇంతమంది ఉన్నారని మొదట్లో గర్వంగా ఉండేది. రెండేళ్ళకే ఆ గర్వం వదిలిపోయింది.

నిలబడి నిలబడి మోకాళ్ళ కింద నరాలు ఉబ్బిపోయాయి. కూర్చోకూడదు, కూర్చున్నవాడి మాట ఎవడూ వినడు. నీడ మా వైపుకు మధ్యాహ్నం మూడింటికి గానీ వచ్చేది కాదు. ఎదురుగా వేలమంది ఎక్కడికో అక్కడికి పోతూ ఉండేవాళ్ళు. సంచులతో, పిల్లలతో, పెళ్ళిపిలుపులతో, ఆస్పత్రి కాగితాలతో. ఒక్కొక్కప్పుడు వాళ్ళమీద నాకు పిచ్చికోపం వచ్చేది. మీ అందరికీ పోవడానికి ఒక చోటు ఎలా దొరికింది అని అడగాలనిపించేది. ఇంటికి వెళ్ళాక కూడా గదిలో మూడడుగులు వేసి వెనక్కి తిరుగుతున్నానని మా ఆవిడ ఒకరోజు చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

పక్క కొట్టు చెప్పులది. దాని ముందు పిలిచేది పాతవూరి సాయిబు ఒకాయన. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, అయినా నన్ను "బావా" అనే పిలిచేవాడు, నేనూ అలాగే అనేవాణ్ణి. ఆయన బండలు నాలుగు. "నీకన్నా ఒక బండ ఎక్కువున్న జమీందార్ని" అనేవాడు. మార్గశిరమాసం లక్ష్మివారాలు, అదే గురువారాలు, వచ్చాయంటే ఆయన తిప్పలు చూడాలి. బురుజుపేట అమ్మవారి గుడికి ఊరూ వాడా అంతా మా రోడ్డుమీంచే వెళ్ళేది, అందరూ ఉత్తకాళ్ళతో. చెప్పులు లేని పాదాలకి చెప్పులు అమ్మాలి పాపం. ఉన్న ఊళ్ళోవాళ్ళు చాలక ఆనందపురం నుంచి, పెందుర్తి నుంచి లారీలెక్కి వచ్చేవాళ్ళు. అమ్మవారికి స్వయంగా పసుపునీళ్ళు పోసి, తడిసిన చీరలతో తిరిగి వచ్చేవాళ్ళు. సాయంత్రానికి నా మూడు బండలూ పసుపు అడుగులతో నిండిపోయేవి. నేను క్రైస్తవుణ్ణి. అమ్మవారి భక్తురాళ్ళకి చీరలమ్మి పెట్టడంలో నా అంత పనిమంతుడు లేడని షావుకారుగారు అందరికీ చెప్పి నవ్వేవారు.

ఇక్కడినుంచి బయటపడే దారి మా ఆవిడ పుట్టింటి వైపునుంచి వచ్చింది. కూర్మన్నపాలెం దగ్గర మా మావయ్యకి ఒక వరిమడీ చిన్న జీడితోటా ఉండేవి. అవి ఉక్కు కర్మాగారం కోసం తీసుకున్న భూముల్లోకి వెళ్ళిపోయాయి. భూమి పోయిన ఇంటికి ఒక ఉద్యోగం అన్నారు. ఆయనకి కొడుకులు లేరు, ఒక్కతే కూతురు. కాగితం మీద అల్లుడి పేరు రాయించాడు. ఆ రోజు మా ఆవిడ అంది.

"మా అయ్య జీడితోట ఉన్నకాడే మీకు డ్యూటీ పడతాదేమో. అలాగైతే బావుణ్ణు."

ఏడాదిన్నర ఎదురుచూశాం. పాతవూళ్ళో మాది ఒకటే గది. అందులో మేమిద్దరం, మా అమ్మ, ఒక కుట్టుమిషను. క్వార్టరు వస్తే ఇంట్లోనే కుళాయి ఉంటుందని మా ఆవిడ రోజుకి ఒక్కసారైనా అనేది. కుళాయి గురించి ఆవిడ మాట్లాడుతుంటే నేను వింటూ ఊరుకునేవాణ్ణి. నిజానికి ఆవిడకంటే ఎక్కువ ఆశ నాకే. ఎప్పుడు ఈ బండలు దిగిపోతానా అని క్షణమొక యుగంగా గడిపేవాణ్ణి.

ఇంటర్వ్యూకి రమ్మని కాగితం మార్గశిరంలోనే వచ్చింది. మూడో లక్ష్మివారం, పదకొండు గంటలకి, సర్టిఫికెట్లతో స్వయంగా హాజరు కావాలి. షావుకారుగారికి చూపిస్తే ఆయన మొహం చిన్నబోయింది. లక్ష్మివారమే దొరికిందా వాళ్ళకి అన్నారు. చివరికి పెద్దమనసు చేసుకుని, పొద్దున్నే కొట్టు తెరిచేసరికి వచ్చి, బోణీ చేయించి, తొమ్మిదింటికి వెళ్ళమన్నారు. అంతకంటే ఏం అడుగుతాను.

ఆ వారమంతా సాయిబు నాకు ఇంటర్వ్యూ నేర్పాడు. బేరాలు లేని వేళ చూసి తన ఆఖరి బండ మీద నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఆఫీసరు అయిపోయేవాడు.

"సెప్పవయ్యా. ఇప్పుడేం పని సేత్తన్నావు?"

"పిలుస్తానండి."

"ఎవర్ని?"

"దారిన పోయేవోళ్ళందర్నీ."

"మా కర్మాగారంలో దారిన పోయేవోళ్ళు ఎవరుంటారయ్యా?" అని ఆయన పడీపడీ నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి, కానీ నాకు ఇంకేం వచ్చు? చేతులతో చేసే పని ఒక్కటీ రాదు. గొంతు ఒక్కటే ఉంది. యంత్రాల మోతలో ఆ గొంతుతో ఎవరికి పని?

ఆ లక్ష్మివారం మా ఆవిడ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాను. అరువు తెచ్చిన బూట్లు బొటనవేలు దగ్గర నొక్కుతున్నాయి. సర్టిఫికెట్లు రెక్సిన్ సంచిలో పెట్టి, ఆ సంచి మీద చెయ్యి వేసి ఆవిడ ప్రార్థన చేసింది. "మా అయ్య కాగితాలు కూడా అందులోనే ఉన్నాయి, జాగర్త" అంది.

కొట్టు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు నిండిపోయి ఉంది. గుడికి పోయే జనం, వచ్చే జనం మా బండల ముందే ఒకరినొకరు తోసుకుంటున్నారు. మధ్యలో బిందెలు, కొబ్బరికాయలు, నెత్తిమీద పిల్లలు. రిక్షాలు రాకుండా పోలీసులు తాళ్ళు కట్టారు. నేను సంచి భుజానికి తగిలించుకునే బోణీ చేయించాను, మరో నాలుగు బేరాలు ఎక్కించాను. తొమ్మిదయింది. సరిగ్గా అప్పుడే ఊరి ఆడవాళ్ళ గుంపు ఒకటి వచ్చి మధ్యబండ ముందు ఆగింది. ముందు ఒక ముసలావిడ, వెనక ఆరుగురు. అందరివీ తడిచీరలు. జనంలో తప్పిపోకుండా ఒకరి కొంగు ఇంకొకరి కొంగుకి ముడేసుకున్నారు. ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళు అలా చేస్తారు. ముసలావిడ నా వైపు చూసి ఏదో అడిగింది. ఆ గోలలో సరిగా వినపడలేదు. నా బుర్రంతా బస్సు మీద ఉంది. నోరు మాత్రం ఎనిమిదేళ్ళ అలవాటు ప్రకారం తన పని తాను చేసింది.

"నా ఎనకే రండమ్మా, దారి నాను సూపిత్తాను" అనేసి, మొహం తిప్పుకుని, బండ దిగి జనంలోకి నడిచాను. కొట్టులోకి కాదు, టౌన్ కొత్తరోడ్డు బస్టాపు వైపు.

నేను ఆ రోడ్డులో జనం మధ్య నడిచి ఎన్నేళ్ళయిందో. పొద్దున్న ఖాళీ రోడ్డుమీద వచ్చి, రాత్రి ఖాళీ రోడ్డుమీద వెళ్ళేవాణ్ణి. నడవడం ఎలాగో మరిచిపోయాను. ముందున్నవాళ్ళ అడుగుతో నా అడుగు దానంతటదే కలిసిపోతోంది. వాళ్ళు ఆగితే ఆగుతున్నాను. పక్కకి తప్పుకుని దూరిపోవాలని తోచడం లేదు. భుజాలు పట్టేశాయి, ఎవరిదో కొబ్బరిచిప్ప వీపులో గుచ్చుకుంటోంది, ముందుకూ వెనక్కూ లేదు. అప్పుడు సంచి బరువెక్కినట్టనిపించి లాగాను. అటునుంచి కూడా ఎవరో లాగారు. తిరిగి చూస్తే ముసలావిడ. ఆవిడ కొంగు నా సంచి పట్టీకి ముడేసి ఉంది. ఆవిడ వెనక వరసగా ఆరుగురూ ఉన్నారు.

"ఇదేటమ్మా? ఇప్పీండి" అని అరిచాను.

"నువ్వే కదా బాబూ ఎనకాల రమ్మన్నావు. మా లారీ కొత్తరోడ్డు అవతల ఆగినాది. మగోళ్ళు తప్పిపోనారు. మాకు దారి తెల్దు" అంది ఆవిడ. కోపం లేదు, భయం లేదు. నా మాట మీద అంత నమ్మకం.

ముడి విప్పబోయాను. తడిగుడ్డ ముడి. గోళ్ళు నొప్పి పుట్టాయి గానీ అది కదల్లేదు. వెనకనుంచి తోపులాటలో ఆ కొంగుల గొలుసు చివర ఉన్న చిన్నపిల్ల "అప్పా, అప్పా" అని అక్కని పిలుస్తూ ఏడుస్తోంది. సంచి వదిలేస్తే సర్టిఫికెట్లు, మావయ్య భూమి కాగితాలు పోతాయి. కొంగు తెంపితే ఆ ఏడుగురూ ఆ తొక్కిడిలో ఎటు కొట్టుకుపోతారో. నన్ను నేను తిట్టుకున్నాను, ఆవిడని తిట్టాను, మార్గశిరాన్ని కూడా తిట్టాను. తిడుతూనే నడిచాను. ఆ కాస్త దూరానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. కొత్తరోడ్డు దాటి, వాళ్ళ లారీ వెతికి, ఏడుగుర్నీ ఎక్కించేసరికి కూర్మన్నపాలెం బస్సు వెళ్ళిపోయింది. తరవాతి బస్సులో వెళ్ళినా పదకొండుకి అందుకోలేను. వెనక్కి వచ్చి, తెల్లచొక్కాతోనే మళ్ళీ మూడు బండలూ ఎక్కి పిలవడం మొదలుపెట్టాను.

ఇంట్లో చెప్పింది ఇదే. మావయ్యకి చెప్పింది ఇదే. ముడి ఊడలేదు, వాళ్ళని వదల్లేకపోయాను, బస్సు పోయింది.

మా ఆవిడ వెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చుంది గానీ తొక్కలేదు. తరవాత లేచి వచ్చి నా పక్కన కూర్చుని, "పోనీలెండి. ఏడుగురు ఆడోళ్ళు. దేవుడు సూత్తన్నాడు" అంది. ఆ కళ్ళల్లో నీళ్ళున్నాయి, గర్వం కూడా ఉంది. మావయ్య మాత్రం ఒకసారి ఆఫీసుకి వెళ్ళి జరిగింది చెప్పుకోమన్నాడు. అలాగే అన్నాను. వెళ్ళలేదు. వచ్చే వారం, పై వారం అంటూ జరిపాను. ఆయన అడగడం మానేశాడు.

క్రిస్మస్ నాడు మా క్రైస్తవ గుడిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందుకు రమ్మని పాస్టరు అయ్యగారు పిలిచినప్పుడు, ఆడవాళ్ళ వైపునుంచి మా ఆవిడ లేచింది. నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. అలాంటిది గుడి నిండా జనం ముందు నిలబడి, మా అయ్య భూమి పోయింది, ఉద్యోగం వస్తుందనుకున్నాం, నా భర్త తన ఉద్యోగం వదులుకుని దారి తెలియని ఏడుగురు ఆడకూతుళ్ళని ఒడ్డుకి చేర్చాడు, దేవుడికి స్తోత్రం, అని చెప్పింది. అందరూ తలలు తిప్పి నన్ను చూశారు. అయ్యగారు ప్రసంగంలో రెండుసార్లు నన్ను చూపించారు. బయటికి వచ్చాక పెద్దవాళ్ళు నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఆ తరవాత ఏ ప్రార్థన కూడికకి వెళ్ళినా ఇదే. ఉపవాస ప్రార్థనల్లో చెప్పింది, బంధువుల పెళ్ళిలో చెప్పింది. ప్రతిసారీ కథ ఇంకొంచెం చక్కబడేది. నేను నేల చూసేవాణ్ణి. అది వినయం అనుకునేవాళ్ళు. బండల మీద ఉంటే కనీసం తిట్టుకోవచ్చు. ఆ పొగడ్తల మధ్య అదీ కుదరదు.

ఏడాది తిరిగింది. మళ్ళీ మార్గశిరం, మళ్ళీ లక్ష్మివారం. లక్ష్మివారాల్లో నాకు తిండికి కూడా బండలు దిగే వీలుండదు గనక మా ఆవిడ మధ్యాహ్నం కారియరు తెచ్చి ఇచ్చేది. ఆ రోజు ఆవిడ కారియరుతో ఎడమబండ ఎక్కుతుండగానే, మధ్యబండ ముందు ఊరి గుంపు ఒకటి ఆగింది. ముందు అదే ముసలావిడ. నన్ను చూడగానే ఆవిడ మొహం విప్పారింది.

"ఓలమ్మా, ఈ బాబే! బాగున్నావేటి నాయనా?" అంది. పక్కన ఉన్నది నా భార్య అని ఎలా కనిపెట్టిందో, ఆవిడ గడ్డం పట్టుకుంది. "నీ మొగుడు మారాజు తల్లీ. పోయినేడు మమ్మల్ని లారీ దాకా సేర్చినాడు. నాను నా కొంగు ఈ బాబు సంచికి ముడేసినాను. బస్సులు ఆగే కాడికొచ్చేసరికి ఆ ముడి ఊడిపోనాది. అక్కడ జనం పల్సబడ్డారు, మా లారీ అల్లంత దూరంలో అవుపడతంది. నువ్వు ఎల్లిపో బాబూ, నీ బస్సు కండట్రు పిలుత్తన్నాడు, మాం ఎల్లిపోతాం అన్నాను. ఇంటేనా! ఊడిన కొంగు పిడికిలికి సుట్టుకుని ఒగ్గనేదు. మమ్మల్ని ఎక్కించీదాకా ఒగ్గనేదమ్మా. కన్నకొడుకు సేత్తాడా ఇలాగ?"

ఆవిడ దీవించి, తన వాళ్ళతో కొట్టులోకి ఎక్కింది. ఆ రోజు వాళ్ళు నేను పిలవకుండానే కొన్నారు.

ముసలావిడ చెప్పింది అక్షరాలా నిజం. కొత్తరోడ్డు బస్టాపు ముందు ముడి దానంతటదే ఊడింది. బస్సు అక్కడే ఉంది. కండక్టరు తలుపు పట్టుకుని "గాజువాక, కూర్మన్నపాలెం, రండి రండి" అని గొంతు చించుకుంటున్నాడు. నాకు తెలిసిన పనే అది, బాగా చేస్తున్నాడు కూడా. నాకూ బస్సుకీ మధ్య పది అడుగులు. నా కాళ్ళు కదల్లేదు. పదకొండింటికి ఒక గదిలో బల్లకి అవతల కూర్చున్నాయన, నువ్వు ఏం పని చేస్తావు అని అడుగుతాడు. దారిన పోయేవాళ్ళని పిలుస్తానండి. ఎనిమిదేళ్ళు నోరారా తిట్టుకున్న ఆ బండలు తప్ప నేను నిలబడగలిగిన చోటు ఇంకోటి లేదేమోనని భయమేసింది. జారిపోతున్న కొంగు పట్టుకున్నాను. ఒక చుట్టు చుట్టుకున్నాను. ఏడుగురు ఆడవాళ్ళు నన్ను పట్టుకోలేదు, నేనే వాళ్ళని పట్టుకున్నాను.

మా ఆవిడ కారియరు కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"బస్సు ఉండినాదా?"

"ఊ."

"ముడి ఊడిపోనాదా?"

"ఊ."

"బయమేసినాదా మీకు?"

నేను తల ఊపాను. జనం మమ్మల్ని రాసుకుంటూ పోతున్నారు. ఒకరి బిందెలో పసుపునీళ్ళు ఒలికి ఆవిడ పాదాల మీద పడ్డాయి. ఆవిడ చూసుకోలేదు.

"బయమేసినాదని ఆ రోజే అంటే నాను ఏటి సేసీదాన్ని? కలిసి ఏడిసీవోళ్ళం. మళ్ళీ నాను ఎంటబెట్టుకుని తీసుకెళ్ళీదాన్ని. మా అయ్య భూమి పోనాది, అది పోతే పోనాది. ఏడాది పొడుగూ దేవుడి ముందర నిలబెట్టి నాసేత అబద్దం సెప్పించినారు." కారియరు నా కాళ్ళ దగ్గరికి జరిపింది. "ఆదివారం మీరే లేచి సెప్పండి."

తిరిగి నడవడం మొదలుపెట్టింది. మధ్యబండ ముందునుంచి కుడిబండ ముందుకి. పక్కన తన బండల మీద సాయిబు అంతా విన్నాడు. ఆయన నా వైపు చూడకుండానే, చిన్నగా అన్నాడు.

"పిలువు బావా. ఇంకా నీ బండ దాటలేదు."

ఆ రోడ్డులో పరాయివాళ్ళని వేలమందిని ఆపిన గొంతు నాది. పేరు కూడా అక్కర్లేదు, ఒక్క మాట చాలు, ఆగేది. నోరు తెరిచాను. ఏమని పిలవాలో తోచలేదు. ఆవిడ కాలు పగిలిన బండ దాటి సాయిబు బండ ముందు పడింది. ఆయన కూడా పిలవలేదు. కొంచెం పక్కకి జరిగి దారి ఇచ్చాడు. ఆవిడ వెళ్ళినంత మేర తడి పసుపు అడుగులు పడ్డాయి, వాటిని వెనకాలవాళ్ళు తొక్కేశారు.

ఆదివారం వచ్చింది. మా గుడిలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు కూర్చుంటారు. సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా అని అయ్యగారు అడిగారు. మా ఆవిడ మధ్యదారి మీదుగా నన్ను చూసింది. నేను ముందున్న బల్లని రెండు చేతులా పట్టుకున్నాను. లేవాలి. మూడు వాక్యాలు చెప్పి కూర్చోవాలి, అంతే. గుడి అంతా నిశ్శబ్దంగా ఉంది, ఇంత చక్కగా వినే జనం నాకు రోడ్డుమీద ఏనాడూ దొరకలేదు. లేవలేకపోయాను. అయ్యగారు పుస్తకం తెరవబోతుండగా ఆవిడే లేచింది.

"పోయినేడు క్రిస్మస్‌కి నాను సెప్పిన సాక్ష్యం నిజం కాదండి. తప్పు నాదే. క్షమించండి" అంది.

నా పేరెత్తలేదు. ఏది నిజమో చెప్పలేదు. అయ్యగారు ఏమిటమ్మా అని అడిగారు. "అంతేనండి" అని కూర్చుంది. వెనక ఎవరో గుసగుసలాడారు. ఈసారి జనం నన్ను చూడలేదు, అందరూ ఆవిడనే చూశారు.

పాట పాడి అందరం బయటికి వచ్చాం. మెట్ల దగ్గర నా చెయ్యి ఊపడానికి ఎవరూ ఆగలేదు. పాతవూరి సందుల్లో ఆదివారం జనం పల్చగా ఉంటారు, ఎటైనా నడవొచ్చు. ఆవిడ ముందు నడిచింది, రెండడుగుల దూరంలో. నేను ఆవిడ అడుగులో అడుగు కలిపి వెనకే నడిచాను, ఇల్లు వచ్చేదాకా.